ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు

పరీక్షకు నాలుగు రోజుల ముందు జనార్దనయ్య చీటీలు పంచాడు.

ఆత్మకూరు బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మేడ మీద ఆయన కోచింగ్ సెంటర్. కేంద్ర ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాల పరీక్షకు ఆ ఏడాది అక్కడ నలభై మంది చదువుతున్నారు. మనిషికో చీటీ. చీటీ మీద ఐదు నంబర్లు.

పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది. ప్రశ్నపత్రం బయటికి రాదు. చిత్తు కాగితం కూడా హాల్లోనే తీసేసుకుంటారు. అందుకని ఎవరి చీటీలో ఉన్న ప్రశ్నలు వాళ్లు తలలో పెట్టుకుని బయటికి తేవాలి. అందరివీ కలిపితే పూర్తి పేపరు. వారం తిరక్కముందే జనార్దనయ్య దాన్ని పుస్తకం వేస్తాడు. కావలి నుంచి బద్వేలు దాకా ఆ పుస్తకానికి గిరాకీ ఉంది.

"ఇంగ్లీషు ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు, సారా," అన్నాడు.

చీటీ ఇవ్వలేదు. ఆమెకు చీటీ అక్కర్లేదు. నాలుగేళ్లుగా ఆ ఐదు నంబర్లూ సారావే.

ఆ ఐదూ కాంప్రహెన్షన్. రెండు వందల మాటల పాసేజీ, దాని కింద ఐదు ప్రశ్నలు. మిగతా వాళ్లు ఐదు ప్రశ్నలు మోస్తే చాలు. సారా ఒక పేజీ మొత్తం మోయాలి. చుట్టుపక్కల ఏ సెంటర్ పుస్తకంలోనూ పాసేజీ మాటకు మాట ఉండదు. జనార్దనయ్య పుస్తకంలోనే ఉంటుంది.

సారా తల ఊపలేదు. వద్దనీ అనలేదు. పక్కన కూర్చున్న భవ్యశ్రీ మోచేత్తో పొడిచింది.

"ఏంది మే, ఉలకవు పలకవు?"

"ఏం లేదు."

సారాకు వయసు లెక్కలో ఇదే ఆఖరిసారి. మరో పది వారాలు దాటితే ఆ పరీక్షకు దరఖాస్తు చేసే అర్హత పోతుంది. ఆ సంగతి జనార్దనయ్యకూ తెలుసు.

సారాది ఉదయగిరి. కొండ కింద చర్చి వీధి. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి జోయల్ కరెంటు పనివాడు. నాలుగేళ్ల కిందట స్తంభం మీదే చచ్చిపోయాడు. సమాధుల దొడ్లో మట్టి వేస్తున్నప్పుడు జనార్దనయ్య వచ్చి నిలబడ్డాడు. "మా సెంటర్‌కు వైరింగ్ చేసినోడు. వీడి బిడ్డను నేను చదివిస్తా," అన్నాడు. అన్నట్టే చేశాడు. ఫీజు అడగలేదు. మేడ మీదే ఆడపిల్లల గదిలో మంచం ఇచ్చాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తి చూపలేదు. అందుకే కాదనడం ఇంకా కష్టమైంది.

సారా జ్ఞాపకశక్తి ఆదివారం బడిలో పుట్టింది. వారానికో వాక్యం కంఠతా పట్టి చర్చిలో అందరి ముందూ అప్పజెప్పాలి. మిగతా పిల్లలు ఒకటి చెప్పి కూర్చుంటే సారా పది చెప్పేది. పదేళ్ల వయసులో, ఒక క్రిస్మస్ సాయంత్రం, నూట డెబ్బై ఆరు వచనాల అధ్యాయం ఎక్కడా తడబడకుండా ఒప్పజెప్పింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అవ్వ మాలకొండమ్మ బుగ్గలు నిమిరింది. అందులో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు.

మొదట అడిగినవాడు రాజమోహన్.

ఆయన ఉదయగిరిలో రిటైరైన ఇంగ్లీషు టీచరు. ఎండాకాలం నుంచి శనివారం శనివారం ఆత్మకూరు వచ్చి ఇంగ్లీషు చెబుతున్నాడు. మొదటి క్లాసులోనే అన్నాడు.

"పోయినేడు పాసేజీ మొత్తం ఎత్తుకొచ్చినారంట గదా. ఎవరా మహాతల్లి?"

సారా లేచింది.

"ఏదీ, చెప్పు."

చెప్పింది. ఏడాది కిందటి పాసేజీ, కామాల దగ్గర ఆగుతూ, చివరి మాట దాకా. రాజమోహన్ కళ్లు మూసుకుని విన్నాడు.

"బ్రహ్మాండం. ఇప్పుడు అది దేని గురించో చెప్పు."

"కాంప్రహెన్షన్ సార్."

గది గొల్లుమంది. "అది కాదు మే, అందులో ఏముండాదని అడుగుతాండాడు," అని భవ్యశ్రీ గుసగుసలాడింది. సారా నోరు తెరిచింది. రెండు వందల మాటలు నాలుక మీద ఉన్నాయి. వాటిలో ఒక్కటీ తలుపు తీయలేదు. ఆ పాసేజీ సముద్రంలో పగడాల దిబ్బల గురించి. ఏడాది పాటు దాన్ని మోసింది గానీ అందులో సముద్రం ఉందనే ఆమెకు తెలీదు.

రాజమోహన్ నవ్వలేదు.

శనివారం రాత్రికి సారా ఇంటికి పోయేది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే ఉదయగిరి బస్సెక్కారు. ఏఎస్ పేట దర్గాకు పోయేవాళ్లు దిగిపోయాక సీటు దొరికింది.

"ఇంగ్లీషులో ఇరవై గ్రామర్ బిట్లు గదా. ఎన్ని కరెక్టు వస్తాండాయి?"

"పదిహేడు, పద్దెనిమిది సార్."

"ఆఖరి ఐదు?"

"పోయినేడు ఒకటి. అంతకు ముందు ఒక్కటీ లేదు."

"పోయినేడు ఉద్యోగం ఎన్ని ప్రశ్నల్లో తప్పింది?"

"రెండు."

"ఆ ఐదింటికీ ఎంతసేపు పడతాండాది?"

"పావుగంట సార్."

"చదవడానికా, మోయడానికా?"

సారా కిటికీలోంచి బయటికి చూసింది. రూల్సు పట్టికలు కంఠతా పడితే గ్రామర్ గట్టెక్కుతుంది. పాసేజీ అట్టా గట్టెక్కదు. ఒక్కో వాక్యాన్ని గట్టిగా పట్టుకుని, కళ్లు మూసి, లోపల మూడుసార్లు చెప్పుకుని, తర్వాత వాక్యానికి పోయేది. ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి టైము ఉండేది కాదు. ఏదో ఒకటి నొక్కి వచ్చేసేది. బయట జనార్దనయ్య ఫోను పట్టుకుని నిలబడి ఉండేవాడు. అక్కడ ఒప్పజెప్పేదాకా ఆమె పరీక్ష పూర్తయినట్టు కాదు.

ఆ బస్సులోనే అసలు చదువు మొదలైంది. ప్రతి శనివారం రాజమోహన్ ఒక పాత పాసేజీ ఇచ్చేవాడు. ఐదు నిమిషాలు. తర్వాత కాగితం లాక్కుని చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

"ఇప్పుడు నేను మాలకొండమ్మను. నాకు ఇంగ్లీషు రాదు. ఏం జరిగిందో చెప్పు బిడ్డా."

మొదటిసారి సారాకు నవ్వొచ్చింది. తెల్ల మీసాల మాలకొండమ్మ. ఆయన నవ్వకుండా కూర్చున్నాడు. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మన మాటల్లో."

"ఒకాయన ఉండాడు సార్..."

"అవ్వా అను."

"ఒకాయన ఉండాడు అవ్వా. గడియారాలు బాగుచేస్తాడు. ఇంక ఎవరూ గడియారాలు తేవడం లేదంట."

"అయ్యో. మరి కొట్టు మూసేసినాడా?"

"మూయలేదు."

"ఎందుకు మూయలేదు? వాడికేం పిచ్చా?"

సారా ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు పాసేజీలో ఉంది. ఎక్కడుందో వెతుక్కోవాలి. వెతికింది. దొరికింది. రాజమోహన్ జేబులోంచి కాగితం తీసి కింద ఉన్న ఐదు ప్రశ్నలు చూపించాడు. మూడో ప్రశ్న అదే. మాలకొండమ్మ అడిగిందే.

మూడు నెలలు గడిచాయి. బస్సులో ఐదుకు మూడు, నాలుగు, ఒకసారి ఐదూ వచ్చాయి. అయితే ఇంకోటి కూడా జరిగింది. అర్థమైన పాసేజీ మాటకు మాట గుర్తుండడం మానేసింది. కథ మిగిలేది, వాక్యాలు కరిగిపోయేవి. సెంటర్‌లో పెట్టిన ఆఖరి మాక్ టెస్టులో సారా సగం పాసేజీ కూడా తేలేకపోయింది.

"ఆరోగ్యం బాగలేదా?" అన్నాడు జనార్దనయ్య.

"బాగానే ఉండాది సార్."

"నా పుస్తకం నీ నాలుక మీద నడుస్తాండాదమ్మా. జాగ్రత్త."

ఇక మోయలేనని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చీటీలు పంచిన రోజూ చెప్పలేదు.

పరీక్ష మూడు రోజులు. రోజుకో పేపరు, అయినా ఏ రోజుదైనా ఒక్కో నంబరుకు ఒక్కో ప్రశ్న దొరికితే జనార్దనయ్య పుస్తకానికి చాలు. సారాది మొదటి రోజు పొద్దున. భవ్యశ్రీది మూడో రోజు. పరీక్ష కేంద్రం నెల్లూరు అవతల, హైవే పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ప్రశ్నలు బయట చర్చించకూడదని ఆ ఏడాది హాల్ టికెట్ మీద అచ్చేశారు. అందుకని జనార్దనయ్య గేటు దగ్గర నిలబడలేదు. రెండు ఫర్లాంగుల అవతల టీ కొట్టు చూసుకున్నాడు.

గ్రామర్ బిట్లు ఇరవై, పది నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత మౌస్ నొక్కింది. ఇరవై ఒకటి.

పాసేజీ తెర నిండా పరుచుకుంది. అలవాటు ముందు పరిగెత్తింది. మొదటి వాక్యాన్ని నాలుక పట్టేసింది. రెండోదాన్ని కూడా పట్టబోయింది. సారా మౌస్ మీంచి చెయ్యి తీసి ఒడిలో పెట్టుకుంది. తెర మూలన టైము జారుతోంది. టీ కొట్టు కళ్ల ముందుకు వచ్చింది. సమాధుల దొడ్డి వచ్చింది. తెల్ల చొక్కా, చేతిలో మట్టి, "వీడి బిడ్డను నేను చదివిస్తా."

ఆయన ఋణం ఇట్టా తీర్చుకోవచ్చు. ఇంకో పావుగంట మోస్తే చాలు. కానీ ఆ పావుగంట పోతే ఇంకో పరీక్ష లేదు.

మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈసారి మాటలను పట్టుకోలేదు, పోనిచ్చింది.

ఒక ఏరు. ఏటి మీద పడవ. పడవ నడిపే ముసలాయన. ఊరికి వంతెన కట్టినారు. పడవ ఎవరూ ఎక్కడం లేదు. అయినా ఆయన రోజూ గట్టు మీదికి వస్తాడు. ఎందుకు వస్తాడు బిడ్డా? వంతెన మీద జనం తడవకుండా పోతాంటే చూడడానికి వస్తాడు అవ్వా. ఏడుస్తాండాడా? లేదు. సంతోషంగా ఉండాడా? అదీ కాదు. ఒప్పుకున్నాడు.

ఇరవై ఐదో ప్రశ్న అదే. ఆ ముసలాయన మనసులో ఉన్నది ఏమిటి. నాలుగేళ్లుగా ఆ రకం ప్రశ్నను ఆమె గుడ్డిగా నొక్కేది. ఇప్పుడు నాలుగు జవాబులూ చదివి, మూడు కొట్టేసి, ఒకటి నొక్కింది. ఆరు నిమిషాలు పట్టింది. మిగిలిన టైములో వెనక్కి పోయి లెక్కల్లో వదిలేసిన రెండు కూడా చేసింది.

టీ కొట్టు దగ్గర జనార్దనయ్య ఫోను ఆన్ చేసి ఎదురు పెట్టాడు.

"చెప్పమ్మా."

"గుర్తు లేదు సార్."

"నీకు?"

"కథ ఉండాది సార్. మాటలు లేవు."

"నిదానంగా కూర్చో. నీళ్లు తాగు. వస్తాది."

సారా కూర్చుంది. నీళ్లు తాగింది. ఆయన టీ చల్లారిపోయింది. పరీక్ష రాసిన మరో ముగ్గురు వచ్చి తమ తమ ఐదు ప్రశ్నలు చెప్పి పోయారు.

"రాదు సార్," అంది చివరికి.

జనార్దనయ్య ఫోను ఆపేశాడు. కేకలు వెయ్యలేదు.

"మీ నాయన స్తంభమెక్కితే పని కాకుండా దిగేవాడు కాదు," అన్నాడు.

అన్నాక ఆయనే చూపు తిప్పుకున్నాడు. సారా సంచీ తీసుకుని బస్సు ఆగే చోటికి నడిచింది. వెనక ఆయన ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"భవ్యశ్రీది ఎప్పుడు? మూడో రోజా? ఆ పిల్లకు చెప్పు..."

ఆ మాట సారాకు స్పష్టంగా వినిపించింది. ఉదయగిరి బస్సు వచ్చింది. ఎక్కేసింది.

ఫలితాలు మూడు నెలలకు వచ్చాయి. సారాకు ఇంగ్లీషులో ఇరవై ఐదుకు ఇరవై మూడు. ఉద్యోగం వచ్చింది. పోస్టింగు విజయవాడ. మాలకొండమ్మ అవ్వ ఫోను తెర మీది అంకెను వేలితో తాకి చూసింది. "ఇదేనా?" అంది. "ఇదే అవ్వా," అంది సారా. అవ్వ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

భవ్యశ్రీ పేరు లిస్టులో లేదు. మూడుసార్లు వెతికినా లేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

జనార్దనయ్య మాత్రం తనే ఫోను చేశాడు. పరీక్షయిన వారానికే రాజమోహన్‌ను శనివారాలు రావొద్దన్న మనిషి, సారా మంచం ఖాళీ చేయించిన మనిషి, ఏమీ జరగనట్టు మాట్లాడాడు.

"ఆదివారం సన్మానం పెట్టినానమ్మా. ఫ్లెక్సీ కూడా కొట్టించినా. మన సెంటర్ పిల్లవు. రాకుండా ఉండొద్దు."

సారా శనివారమే బయల్దేరింది. ముందు కలిగిరిలో దిగింది.

భవ్యశ్రీ ఇంటి ముందు పొగాకు కాల్చే బారన్ కొట్టం కర్రలు ఎండకు ఆరబెట్టి ఉన్నాయి. ఆమె నాయనమ్మ రామసుబ్బమ్మ వాకిట్లో చేట పట్టుకుని కూర్చుంది.

"నువ్వా. నీకొచ్చినాదంట గదా ఉద్యోగం."

"వచ్చింది అవ్వా. భవ్య ఉండాదా?"

"ఉండక యాడికి పోతాది. సోమవారం నుంచి నెల్లూరులో బట్టల షాపుకు పోతాదంట. చదువుకున్న చదువుకు చీరలు మడతపెట్టేది."

భవ్యశ్రీ లోపలి నుంచి వచ్చింది. కూర్చోమనలేదు.

"చెప్పు."

"నీకు ఇంగ్లీషులో ఎంత?"

"పదకొండు. మాక్‌లో పద్దెనిమిదికి తగ్గింది లేదు నాకు. తెలుసు గదా."

"ఏమైంది మే?"

భవ్యశ్రీ నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

"నువ్వు మోయనన్నావు. నా నెత్తిన పెట్టినాడు. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్నుంచి రాత్రి దాకా పాసేజీలు కంఠతా పట్టించినాడు. సారా చేసిన పని నువ్వు చెయ్యాలమ్మా, సెంటర్ పరువు అన్నాడు. సరే అన్నా. హాల్లో ముందు అదే తెరిచినా, మరిచిపోతానేమోనని. అరగంట పోయింది. గ్రామర్‌లో ఎనిమిది చూడనే లేదు."

"పాసేజీ తెచ్చినావా?"

"తెచ్చినా. మొత్తం. పుస్తకంలో వేసినాడు, చూడు పో."

రామసుబ్బమ్మ చెరగడం ఆపేసింది.

"నాకు తెలుసు," అంది సారా. "టీ కొట్టు కాడ ఫోనులో నీ పేరు చెప్తాంటే విన్నాను. నీకే ఇస్తాడని అప్పుడే తెలిసింది."

భవ్యశ్రీ గడప దిగి దగ్గరికి వచ్చింది.

"రెండు రోజులు టైముంది. ఒక్క ఫోను చేసుండొచ్చు గదా."

"చేసుండొచ్చు."

"ఎందుకు చెయ్యలేదు?"

"చేస్తే మళ్లీ నన్నే అడుగుతాడని భయపడినా. నా పరీక్ష అయిపోయింది గదా, మళ్లీ ఏం అడుగుతాడు. అయినా భయపడినా. తర్వాత చేద్దాంలే అనుకున్నా. ఆ తర్వాత రానే లేదు."

"సరే," అంది భవ్యశ్రీ. "విన్నా. పో ఇంక."

సారా నిలబడే ఉంది.

"నీకు ఇంకా రెండేళ్లుండాది వయసు."

"వయసుంటే? పొమ్మన్నా గదా."

సన్మానానికి సెంటర్ నిండిపోయింది. పాతవాళ్లు వెళ్లిపోయారు. కొత్త బ్యాచ్ ముప్పై మంది బెంచీల మీద కూర్చున్నారు. వచ్చే నెల ఇంకో పరీక్ష ఉంది. గోడకు ఫ్లెక్సీ. అందులో సారా హాల్ టికెట్ ఫోటో పెద్దదై తన మొహమే తనకు కొత్తగా ఉంది. జనార్దనయ్య శాలువా కప్పాడు. అది జారకుండా రెండుసార్లు సర్దాడు. అభిమానం నటన కాదని సారాకు తెలిసింది. అందువల్ల చెప్పాలనుకున్న మాట మరింత బరువైంది.

"రెండు మాటలు చెప్పమ్మా. ఎట్టా చదివినావో."

సారా లేచింది.

"మా నాయన పోయిన రోజు సార్ వచ్చినాడు. నన్ను చదివించినాడు. అది నేను మరిచిపోను. ఇప్పుడు చెప్పేది వేరే."

జనార్దనయ్య తల ఎత్తాడు.

"నాలుగేళ్లు నేను పాసేజీ మోసుకొచ్చినాను. నాలుగేళ్లూ ఫెయిలైనాను. ఈసారి తేలేదు, పాసైనాను. నేను తేలేదని నా పని భవ్యశ్రీ మీద పడింది. నాకన్నా బాగా చదివే పిల్ల. ఫెయిలైంది. దాని మీద పడబోతాండాదని నాకు ముందే తెలుసు. చెప్పలేదు. అప్పుడు చెప్పలేదని ఇప్పుడు మీకు చెప్తాండా."

"సారా," అన్నాడు జనార్దనయ్య మెల్లగా. "ఇది సన్మానం సభమ్మా."

"తెలుసు సార్. ఇంగ్లీషు ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు ఎవరివి?"

మూడో వరసలో ఒక అమ్మాయి సగం చెయ్యి ఎత్తి దించేసింది.

"ఏం పేరు?"

"ప్రమీలారాణి అక్కా. కొండాపురం."

"చీటీ ఉండాదా?"

అమ్మాయి పుస్తకంలోంచి తీసింది. తీసి చేతిలోనే పట్టుకుని ఒకసారి జనార్దనయ్యను, ఒకసారి సారాను చూసింది. లేచి వచ్చింది. చీటీని బల్ల మీద, పూలదండ పక్కన పెట్టింది.

జనార్దనయ్య దాన్ని తాకలేదు. కోపం కన్నా అయోమయం ఎక్కువ ఉంది ఆయన మొహంలో. పాతికేళ్లుగా చేస్తున్న పని.

"పాసేజీ లేకుండా పుస్తకం ఎట్టా వేసేదమ్మా?" అని అడిగాడు.

నిజంగానే అడిగాడు. ఆ జవాబు వెతికే పని తనది కాదనిపించింది సారాకు.

ప్రమీలారాణి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"అక్కా, నాకు గుర్తుపెట్టుకోవడమే వచ్చు," అంది, పక్కవాళ్లకు వినపడనంత చిన్నగా. "చదివితే అర్థం కాదు. అందుకే సార్ నాకిచ్చినాడు. ఇప్పుడు నేనేం చెయ్యాల?"

సారా శాలువా తీసి కుర్చీ మీద వేసింది. మెట్టు దిగి, ఆ అమ్మాయి వెంట మూడో వరస దాకా నడిచింది.

"నాకు జాయినింగ్ ఇంకా ఇరవై రోజులుండాది," అంది. "జరుగు."